ఆరు నెలలు ఆగమన్నది ఎవరు?

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



సుబ్బారావుగారి స్మారక సభలో మొటిమల మచ్చల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు, ఇంత పెద్ద విషయాలతో ముడిపడిన పేరు ఆయనది. ఆ పేరు పక్కన మొటిమలేమిటని వాళ్ళ సందేహం. మొటిమల వల్ల ఎవరూ చచ్చిపోరు, నిజమే. కానీ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు తరగతిలో చివరి బల్ల వెతుక్కోవడానికి, డిగ్రీ చదివే అమ్మాయి ఫొటో అనగానే ముఖం పక్కకు తిప్పుకోవడానికి మొటిమలు మిగిల్చిన గుంటలే కారణమవుతుంటే, అది వైద్యుడు పట్టించుకోవలసిన సంగతే.

పైగా ఈ విషయానికీ సుబ్బారావుగారికీ సంబంధం లేకపోలేదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డులో పనిచేసి, 1940లో ఆయన అమెరికాలోనే లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడి పరిశోధనకు ఆయన అధిపతిగా ఉన్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, డెబ్బై దాటిన వయసులో, మిస్సోరీ నుంచి వచ్చిన ఒక మట్టి నమూనాలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ సంగతి 1948లో లోకానికి తెలిసింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. ఇవాళ మొటిమలకు మేం రాసే డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ ఆ వరసలో తర్వాత వచ్చినవే. నరసాపురంలోనో నల్గొండలోనో మెడికల్ షాపులో కుర్రాడి చేతిలో పడే ఆ మాత్ర వెనక ఒక భీమవరం మనిషి ఉన్నాడని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పరు.

ఇంకో సంబంధం కూడా ఉంది. నాకు ముఖ్యమైనది అదే. హార్వర్డులో సహచరుడు ఫిస్కేతో కలిసి 1925లో సుబ్బారావుగారు ప్రచురించినది రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి. ఆ తర్వాత హార్వర్డులో ఆయన చేసిన పెద్ద పనికి ఆ కొలతే పునాది. కొలవనిదాన్ని ఆయన నమ్మలేదు. నేను ఇవాళ మాట్లాడబోయేది మా చర్మవైద్య శాఖలో ముప్పై ఏళ్ళపాటు ఎవరూ సరిగా కొలవకుండానే నమ్మిన ఒక నిబంధన గురించి.

ఆ నిబంధన ఇది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్ర వాడుతున్నవాళ్ళకు లేజరు చెయ్యకూడదు. మాత్ర ఆపేశాక కూడా ఆరు నెలలు చెయ్యకూడదు. చర్మవ్యాధుల విభాగంలో చదివిన ప్రతివాళ్ళూ దీన్ని కంఠతా పట్టారు. పరీక్షలో రాస్తే మార్కులు పడేవి. రోగికి చెబితే ఆయన తల ఊపి వెళ్ళిపోయేవాడు. ఎందుకు ఆరు, నాలుగో ఎనిమిదో ఎందుకు కాదు అని అడిగినవాళ్ళు తక్కువ.

ముందు మచ్చ సంగతి చెబుతాను. లేజరు కోసం వచ్చేవాళ్ళలో చాలామందికి నిజానికి ఉన్నది గుంటలు కాదు. మొటిమ తగ్గాక మిగిలే ఎర్రటి, గోధుమ రంగు, నల్లటి మరకలు. చేత్తో తడిమితే చర్మం నున్నగానే ఉంటుంది. అవి నెలల మీద వాటంతటవే పలచబడతాయి. ఎండ తగలకుండా చూసుకుని, పూతమందులు వాడితే ఇంకాస్త తొందరగా పోతాయి. వాటికి గుంటల లేజరు అవసరం లేదు. అసలైన గుంటలో చర్మం అడుగున ఉండే కొల్లాజెన్ పోతుంది. మొటిమ లోతుగా వాచి, రోజుల తరబడి చీము పట్టినప్పుడు ఆ వాపే చర్మాన్ని తినేస్తుంది. గోళ్ళతో నొక్కినవాళ్ళకు మరీను.

గుంటల్ని చూసే తీరు ఒకటుంది. ఎదురుగా లైటు వేసి చూస్తే సగం కనబడవు. దీపాన్ని చెంపకు పక్కగా పెట్టాలి. అప్పుడు నీడలు పడి, ఎక్కడ ఎంత లోతుందో తెలుస్తుంది. తర్వాత రెండు వేళ్ళతో చర్మాన్ని సాగదీయాలి. సాగదీస్తే మాయమయ్యేవి కొన్ని, అలాగే నిలిచేవి కొన్ని. మాయమయ్యేవి అలల్లాంటి వెడల్పు గుంటలు, అడుగున పీచు పట్టి చర్మాన్ని కిందికి లాగుతుండటం వల్ల వచ్చినవి. వాటికి సూది దూర్చి ఆ పీచును తెంపాలి. నిలిచేవాటిలో కొన్ని అంచులు తేరిన పెట్టె గుంటలు, కొన్ని సూదితో పొడిచినట్టు రెండు మిల్లీమీటర్లు కూడా లేని సన్నటి లోతు రంధ్రాలు. ఈ చివరివాటి అడుగుకు లేజరు చేరదు. పుల్లకొసతో గాఢమైన ట్రైక్లోరో అసెటిక్ ఆమ్లాన్ని రంధ్రం అడుగుకు మాత్రమే తగిలించే పద్ధతిని 2002లో కొరియా వైద్యులు ప్రచురించారు. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కాబట్టి దాని బోర్డులు ఎక్కడా కనబడవు. ఒకే ముఖం మీద ఈ మూడు రకాలూ ఉంటాయి. ముఖం మొత్తానికి ఒకటే లేజరు ప్యాకేజీ అని ముందే ధర చెప్పే చోట గుంటల్ని ఎవరూ పక్క వెలుతురులో చూడలేదని అర్థం.

ఇక మాత్ర దగ్గరికి వస్తాను. ఐసోట్రెటినోయిన్ విటమిన్ ఏ బంధువు. 1979లో గ్యారీ పెక్, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాసిన చిన్న వ్యాసంతో దీని దశ తిరిగింది. వేరే ఏ మందుకూ లొంగని మొండి మొటిమలు తగ్గడమే కాదు, మందు ఆపాక కూడా చాలాకాలం తిరిగి రాలేదు. 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. చర్మంలో నూనె ఊరే గ్రంథుల్ని ఈ మాత్ర కుదించేస్తుంది. పెదవులు ఎండి పగులుతాయి. పగలకపోతే మందు వేసుకోవడం లేదేమోనని మేం అనుమానిస్తాం. కడుపులో బిడ్డకు ఇది ఘోరమైన హాని చేస్తుంది. అందుకే ఆడవాళ్ళు మాత్ర మొదలుపెట్టే ముందు ఒక నెల, వాడినంత కాలం, ఆపాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. వాడినంత కాలం, ఆపాక ఒక నెల దాకా ఎవరూ రక్తదానం కూడా చెయ్యకూడదు. ఈ విషయంలో సడలింపేమీ లేదు. నేను తర్వాత చెప్పేదేదీ దీన్ని మార్చదు.

ఇప్పుడు లెక్క చూడండి. కిలో బరువుకు మొత్తం మీద 120 నుంచి 150 మిల్లీగ్రాముల మందు పడితే మొటిమలు తిరగబెట్టడం తక్కువని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అరవై కిలోల కుర్రాడు, మన దేశంలో చాలామంది వాడినట్టు రోజుకు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, తక్కువలో తక్కువ లెక్కకే 7200 మిల్లీగ్రాములు పూర్తికావడానికి 360 రోజులు. దాదాపు ఏడాది. దానిమీద ఇంకో ఆరు నెలలు ఆగమంటే ఏడాదిన్నర. ఇంటర్ చివర్లో మొదలైతే ఇంజనీరింగు రెండో ఏడు దాకా. ఈలోగా గుంటలు గట్టిపడతాయి, కుర్రాడు ఓపిక నశించి డాక్టరును మానేస్తాడు. ఊళ్ళోవాళ్ళు చెప్పిన క్రీములన్నీ మొదలవుతాయి. నిబంధన వల్ల రోగి చల్లగా ఉన్నాడనుకుంటాం కానీ, వాయిదాకు కూడా ఖరీదుంటుంది.

ఈ ఆరు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయి? తవ్వుకుంటూ పోతే 1986కు చేరతాం. ఆ ఏడు అమెరికాలో రూబెన్‌స్టీన్, ఆయన తోటివాళ్ళు ఆరుగురు రోగుల గురించి రాశారు. ఐసోట్రెటినోయిన్ వాడినవాళ్ళకు డెర్మాబ్రేషన్ చేస్తే, మామూలుగా రాని చోట్ల ఉబ్బెత్తు మచ్చలు, అంటే కీలాయిడ్లు వచ్చాయి. 1988లో బ్రిటిష్ పత్రికలో జకరియే మరో ముగ్గురి గురించి రాశారు. ఆర్గాన్ లేజరు తర్వాత గానీ డెర్మాబ్రేషన్ తర్వాత గానీ గాయం ఆలస్యంగా మానింది, కీలాయిడ్ వచ్చింది. ఆరూ మూడూ తొమ్మిది. తొమ్మిదిమంది అనుభవం చిన్నది కాదు, వాళ్ళ ముఖాలవి. హెచ్చరించడం న్యాయమే. ఆ హెచ్చరికే మందు కరపత్రంలోకి ఎక్కింది. చికిత్స జరిగినంత కాలం, ఆపాక కనీసం ఆరు నెలలు, వ్యాక్సింగ్, డెర్మాబ్రేషన్, లేజరు వద్దని. కరపత్రంలోంచి పాఠ్యపుస్తకానికి, అక్కడి నుంచి పరీక్ష పేపరుకు, పరీక్ష పేపరు నుంచి కోర్టు భయానికి.

ఆ తొమ్మిదిమందికి వాడిన పనిముట్లేమిటో చూడాలి. డెర్మాబ్రేషన్ అంటే మోటారు మీద తిరిగే తీగల బ్రష్షుతోనో, వజ్రపు పొడి అద్దిన చక్రంతోనో ముఖం పైచర్మాన్ని మొత్తం గీకేయడం. రక్తం కారుతుంది. ఆర్గాన్ లేజరు ఆగకుండా కొట్టే కిరణం, చుట్టుపక్కల వేడి పాకుతుంది. ఇలా పై పొర మొత్తం పోయినప్పుడు కొత్త చర్మం ఎక్కడి నుంచి రావాలి? వెంట్రుక కుదుళ్ళలోంచి, వాటిని అంటిపెట్టుకున్న నూనె గ్రంథుల గొట్టాల్లోంచి. ఐసోట్రెటినోయిన్ కుదించేది సరిగ్గా ఆ గ్రంథుల్నే. విత్తనం నిల్వ ఉన్న గాదెనే ఖాళీ చేసి, చేను మొత్తం దున్నేశాం. ఈ కారణం సబబుగా తోస్తుంది, అందుకే ఆ భయం నిలిచింది. అయినా ఆరు నెలలు అన్న అంకెకు మాత్రం ఎవరూ ప్రయోగం చేసి చూపించలేదు. ఐసోట్రెటినోయిన్ శరీరంలో సగానికి తగ్గడానికి ఒక రోజు కూడా పట్టదు. దాని బంధువు అసిట్రెటిన్ సంగతి వేరు, అది వాడిన ఆడవాళ్ళు మూడేళ్ళు గర్భం దాల్చకూడదంటారు. ఐసోట్రెటినోయిన్‌కు ఆ జాగ్రత్త ఒక్క నెలే. కడుపులో బిడ్డకు నెల చాలినప్పుడు చెంప మీది గుంటకు ఆరు నెలలెందుకు? గ్రంథులు తిరిగి పెరగడానికి కాలం పడుతుందన్నది ఒక జవాబు. సగం జవాబు.

ఈలోగా లేజరు మారిపోయింది. మచ్చల పనిలో మేం ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. అది 10,600 నానోమీటర్ల కాంతి, కంటికి కనబడదు, నీటిలో ఇంకుతుంది. చర్మంలో ఉన్నది ఎక్కువ నీరే కాబట్టి తగిలిన చోట ఆవిరి చేస్తుంది. మొదట్లో దాన్ని కూడా ముఖం మొత్తం మీద నడిపేవాళ్ళు. పాశ్చాత్యుల తెల్లచర్మం మీద గొప్ప ఫలితాలొచ్చాయి, వారాల తరబడి పచ్చి పుండుతో పాటు. మన చర్మానికి అది సరిపడలేదు. 2004లో డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ బృందం ఫ్రాక్షనల్ పద్ధతిని ప్రకటించింది. కిరణాన్ని మిల్లీమీటరులో పదో వంతు మందాన చుక్కలు చుక్కలుగా దించుతారు. చుక్కకూ చుక్కకూ మధ్య చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక విడతలో దెబ్బ తగిలేది ముఖంలో కొద్ది శాతానికే. పక్కనే ఉన్న మంచి చర్మం నుంచి కణాలు జరిగివచ్చి రంధ్రాన్ని ఒకటి రెండు రోజుల్లోనే కప్పేస్తాయి. నూనె గ్రంథి దయ మీద ఆధారపడవలసిన పని చాలావరకు తప్పింది. 1986 నాటి భయానికి ఆధారమైన గాయమే ఇక్కడ జరగడం లేదు.

అయినా నిబంధన అలాగే ఉండిపోయింది. దాన్ని కదిలించినవాళ్ళలో మన పక్క రాష్ట్రం వాళ్ళున్నారని చెప్పడం నాకు ఇష్టం. 2014లో బెంగళూరు నుంచి చంద్రశేఖర్ బృందం, ఐసోట్రెటినోయిన్ వాడుతుండగానే మచ్చల చికిత్సలు, వెంట్రుకలు తీసే లేజరు చేయించుకున్న 110 మంది రికార్డుల్ని పరిశీలించి, అవి చేయవచ్చునని తేల్చింది. 2017లో మూడు పత్రాలు వచ్చాయి. అమెరికాలో స్ప్రింగ్, ఆమె సహచరులు 32 ప్రచురణల్లోని 1485 చికిత్సల్ని వెతికి చూశారు. అమెరికన్ సొసైటీ ఫర్ డెర్మటాలజిక్ సర్జరీ తన ఏకాభిప్రాయాన్ని ప్రకటించింది. మన దేశంలో అసోసియేషన్ ఆఫ్ క్యుటేనియస్ సర్జన్స్ వెంకటరామ్ మైసూర్ ముందుండి మార్గదర్శకాలు రాసింది. మూడింటి సారమూ దగ్గర దగ్గరగా ఒకటే. పైపై రసాయన పీలింగులు, వెంట్రుకల లేజరు, ఫ్రాక్షనల్ లేజర్లు, వీటిని వాయిదా వెయ్యడానికి సరిపడా ఆధారం లేదు. మోటారు డెర్మాబ్రేషన్, ముఖం మొత్తం పొర తీసే లేజరు మాత్రం మాత్ర వాడే కాలంలో వద్దు.

విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఆపడానికి ఆధారం లేదు అన్నది ఒక మాట. ప్రమాదమే లేదు అన్నది ఇంకో మాట. మొదటిది పత్రాలు చెప్పాయి. రెండోది క్లినిక్ బోర్డులు చెబుతున్నాయి. ఆ పత్రాలు ఆధారపడ్డ అధ్యయనాల్లో చాలా భాగం పాత రికార్డులు తిరగేసి చూసినవే. కొంతమందిని ఒక గుంపు, కొంతమందిని మరో గుంపు చేసి సరిపోల్చినవి తక్కువ. వంశంలో కీలాయిడ్లున్న మనిషి, ఛాతీ మీద, భుజం మీద మొటిమలు ఉబ్బెత్తుగా మానిన మనిషి వస్తే, పత్రం ఏమన్నా నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను. చెవి వెనక చిన్న చోట చేసి, కొన్ని వారాలు ఆగి చూస్తాను. మొటిమలు ఇంకా బుసకొడుతున్న ముఖం మీద కూడా లేజరు ముట్టను, ముందు మాత్ర తన పని చెయ్యాలి.

వ్యాక్సింగ్ మాటా చెప్పాలి. లేజరంటే హడలిపోయే అమ్మాయిలే ఈ మాత్ర వేసుకుంటూ పార్లరుకు వెళ్ళి పై పెదవికి వ్యాక్సింగ్ చేయించుకుంటారు. మాత్ర వల్ల పలచబడ్డ చర్మం మైనంతో పాటు ఊడి వస్తుంది. పాత హెచ్చరికలో నేటికీ అక్షరాలా నిలిచేవాటిలో అదొకటి, ఎవరూ పట్టించుకోనిదీ అదే.

మన ముఖాలకు అసలు బెడద ఎక్కడుందంటే, రంగులో. ఫిట్జ్‌పాట్రిక్ పేరుతో వాడే చర్మపు రంగు వర్గీకరణలో తెలుగువాళ్ళు ఎక్కువగా నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. మన చర్మానికి ఏ దెబ్బ తగిలినా, దోమ కుట్టినా సరే, నల్లబడటమే దాని జవాబు. లేజరు తర్వాత కూడా అంతే. కీలాయిడ్ అరుదు, నల్లమచ్చ మామూలు. చుక్కలు దగ్గర దగ్గరగా కొట్టి, శక్తి పెంచి, ఒక్క విడతలోనే ఫలితం చూపిద్దామనుకుంటే మూడో వారానికి చెంపలు మాడినట్టవుతాయి. రోగి మాత్ర వల్ల అనుకుంటాడు. కొన్నిసార్లు డాక్టరు కూడా అలాగే అనుకోనిస్తాడు. మన దగ్గర శక్తి తగ్గించుకోవాలి, చుక్కలు దూరం పెట్టాలి, విడతలు పెంచుకోవాలి.

ఒక విడత ఎలా సాగుతుందో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ముఖం కడిగి, మూడు కోణాల్లో ఫొటో తీసి, మొద్దుబార్చే లిగ్నోకెయిన్ క్రీము దట్టంగా పూసి ముప్పావుగంటో గంటో కూర్చోబెడతారు. బుగ్గలు బిగిసినట్టయి మాట తడబడుతుంది. క్రీము పూర్తిగా తుడిచేసి, కళ్ళకు లోహపు కవచాలు పెడతారు. చేతిపిడి చర్మం మీద ఆనినప్పుడల్లా చిన్న చదరపు అచ్చు పడుతుంది, అందులో బారులు తీరిన చుక్కలు. టిక్కు టిక్కుమని శబ్దం, కాలిన వెంట్రుకల వాసన. పొగను పీల్చే గొట్టాన్ని నర్సు పక్కనే పట్టుకుంటుంది. పావుగంట పని. తర్వాత రెండు మూడు గంటలు మిరపకాయ రాసినట్టు మంట, ఐసు పెడుతూనే ఉండాలి. మర్నాటికి ఎర్రగా ఉబ్బి, మూడో రోజుకు చుక్క చుక్కకూ గోధుమ రంగు పక్కు కడుతుంది. వారంలో అది దానంతటదే రాలుతుంది. గోకకూడదు, పసుపు గానీ శనగపిండి గానీ రాయకూడదు. పెట్రోలియం జెల్లీ, తర్వాత సన్‌స్క్రీన్. లోపల కొత్త కొల్లాజెన్ పేరుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నెల, నెలన్నర ఎడంతో మూడు నాలుగు విడతలు. ఇంతా చేస్తే గుంటలు తగ్గుతాయి, ఎక్కువో తక్కువో. మొత్తం చెరిగిపోవు. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని నెల ముందు వచ్చేవాళ్ళకు నేను లేజరు చెయ్యను. ముహూర్తం దాటాక రమ్మంటాను. కొందరు కోపగించుకుని పక్క వీధికి వెళతారు.

మందులు, లేజరు కలిసినప్పుడు వచ్చే చిక్కుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఐసోట్రెటినోయిన్ కాదు. దాన్ని రోగి దాచడు, డాక్టరు చీటీ చేతిలో ఉంటుంది. దాగేది ట్యూబు.

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?"

"లేదండీ."

"ముఖానికి?"

"మామూలు క్రీమేనండీ. తెల్లబడుతుందని మా అక్క ఇచ్చింది."

ఆ మామూలు క్రీములో మొమెటాసోనో బీటామెథాసోనో క్లోబెటాసోలో ఉంటుంది. స్టెరాయిడ్లు. తరచుగా హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌తో కలిపిన మూడు మందుల మిశ్రమం. మొదటి వారాల్లో ముఖం తళతళలాడుతుంది. ఆపగానే ఎర్రబడి మండుతుంది కాబట్టి మళ్ళీ రాస్తారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, మీసం మొలకెత్తుతుంది. ఆ మొటిమలకు మందు కోసం, ఆ మచ్చలకు లేజరు కోసం మా దగ్గరికొస్తారు. 2011లో మన దేశంలో చాలా నగరాల్లో కలిపి చేసిన అధ్యయనంలో ముఖం మీద చర్మసమస్యతో వచ్చిన 2926 మందిలో 433 మంది స్టెరాయిడ్ పూతలు రాస్తున్నవాళ్ళే. 2018లో ప్రభుత్వం వీటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారో లేదో మీ వీధి చివరి షాపులో మీరే చూసుకోవచ్చు. అలా పలచబడ్డ చర్మం మీద లేజరు పడితే మంట ఎక్కువ, నల్లబడటం ఎక్కువ, మానడం అనుమానం. ముందు క్రీము మాన్పించాలి, చర్మం తేరుకునేదాకా వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి. ఆరు నెలల నిబంధన ఎక్కడైనా అవసరముంటే ఇక్కడే ఉంది, కానీ ఇక్కడ ఎవరూ రాయలేదు.

మిగతావి తొందరగా చెబుతాను. డాక్సీసైక్లిన్ వాడేవాళ్ళకు ఎండ తొందరగా తగులుతుంది. కమిలిన చర్మం మీద లేజరు వద్దు. మినోసైక్లిన్ చాలాకాలం వాడితే కొందరికి నీలి నల్లటి మరకలు వస్తాయి, వాటిని మొటిమ మచ్చలనుకుని కాల్చకూడదు. ట్రెటినోయిన్, అడాపలీన్ పూతలు లేజరుకు కొన్ని రోజుల ముందు ఆపాలి. పెదవుల దగ్గర తరచూ నీటిపొక్కులు వచ్చేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. అది హెర్పిస్, లేజరు దాన్ని లేపి ముఖమంతా పరుస్తుంది. అలాంటివాళ్ళకు లేజరుకు ముందురోజు నుంచే వైరస్‌ను అణిచే మాత్ర మొదలుపెడతాం. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళకు సూదితో పీచు తెంపే పనికి ముందు గుండె డాక్టరుతో మాట్లాడాలి, తమంతట తాము ఆపెయ్యకూడదు. వెంట్రుకలు తీసే లేజరు కోసం మొద్దుబార్చే క్రీమును ఇంట్లోనే పొట్ట నుంచి పాదాల దాకా పూసుకుని ప్లాస్టిక్ చుట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. లిగ్నోకెయిన్ ఎక్కువగా రక్తంలోకి వెళితే గుండె లయ తప్పుతుంది, మూర్ఛ వస్తుంది. జిమ్ముల్లో కండల కోసం వాడే హార్మోన్ ఇంజెక్షన్ల సంగతి మగపిల్లలు తల్లి ముందు చెప్పరు. ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టి అడగాలి. ఆ ఇంజెక్షన్ సాగుతుంటే మొటిమ తగ్గదు, లేజరు డబ్బు గంగలో పోసినట్టే.

యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది చివరి ప్రశ్న. చర్మవైద్యంలో పీజీ చేసిన డాక్టరు స్వయంగా పరీక్షించి, శక్తి, చుక్కల ఎడం తానే నిర్ణయించాలి. రిసెప్షన్ దగ్గరే ప్యాకేజీ తేలిపోయి, డాక్టరు ఫొటోలో మాత్రమే కనబడే చోట చేయించుకోకండి. యంత్రం ఎంత కొత్తదైనా సరే.

వైద్య విద్యార్థులకు నా మనవి ఒకటే. పాఠ్యపుస్తకంలో ఒక అంకె కనబడితే అది ఎంతమందిని చూసి, ఏ పనిముట్టుతో తేల్చినదో వెతకండి. ఐసోట్రెటినోయిన్ వాడుతున్న కుర్రాడికి ఫ్రాక్షనల్ లేజరు చెయ్యాల్సి వస్తే, తెలిసినది, తెలియనిది రెండూ అతనికి తెలుగులో చెప్పి, సంతకం తీసుకుని, చిన్న చోట పరీక్షించి చెయ్యండి. చెయ్యడం మీకు రాకపోతే వచ్చినవాళ్ళ దగ్గరికి పంపండి. ఆరు నెలలు అనే మాట వెనక దాక్కోకండి.

తల్లిదండ్రులకు ఇంకొకటి. పిల్లల ముఖం మీద లోతైన మొటిమ కనబడగానే డాక్టరుకు చూపించండి, వయసు మొటిమలేనని వదిలెయ్యకండి. మొటిమను మొదట్లోనే అదుపు చేస్తే గుంటే పడదు, ఈ లేజరు గొడవే ఉండదు. చూపించేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలు, ట్యూబులు, డబ్బాలు, జిమ్ము పొడులతో సహా, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. వాటిలో పేరు లేని తెల్ల డబ్బా ఏదైనా ఉంటే దాన్నే ముందు తీసి చూపించండి.